ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి బహిరంగ లేఖ: దేశదేశాల సంక్షేమాన్ని నల్గొండ, పాలమూరుల్లో చదవనివ్వండి

గౌరవనీయులైన తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,

నమస్కారములు. నేను దేవరకొండ ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం కలిసి, వివిధ దేశాల సామాజిక సంక్షేమ, ఆరోగ్య విధానాలను పక్కపక్కన పెట్టి పరిశీలించే రెండేళ్ల పీజీ కోర్సును నడిపేందుకు మండలి అనుమతించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇలాంటి చదువులు హైదరాబాదుకో ఢిల్లీకో తగినవని, మా పిల్లలకు వెంటనే కొలువు తెచ్చే కోర్సులు చాలునని పెద్దలు కొందరు అనగా విన్నాను. నాకు ఆ మాటతోనే పేచీ.

మా జిల్లా పేరు దేశదేశాల గ్రంథాలకెక్కింది చెడ్డ నీళ్ల వల్ల. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుక్కి దించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టగా, అది టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. అంతకు చాలా ముందే, 1945లో, అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో పళ్లు పుచ్చకుండా ఉండేందుకు తాగునీటిలో ఫ్లోరైడును కొలిచి కలపడం మొదలుపెట్టారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర అక్కడ మేలనుకున్న పదార్థమే మర్రిగూడ, నాంపల్లి వైపు బోరునీళ్లలో మోతాదు మించి, కీళ్లు బిగించి నడుములు వంచింది. ఒక దేశపు పథకాన్ని మరో దేశం దించుకునేటప్పుడు మోతాదు ఎంత, కొలిచేదెవరు అని ముందుగా అడగాలని మా విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. నల్గొండ టెక్నిక్‌కూ అదే వర్తిస్తుంది: బకెట్టులో చేసే పనే అయినా రోజూ పటిక కొలిచి కలిపే మనిషి కావాలి, అడుగున దిగిన మడ్డిని పారబోయడానికి చోటు కావాలి. ఆ రెండూ లేనిచోట రసాయనశాస్త్రం ఎంత సరిగ్గా ఉన్నా కుండలోకి మంచినీళ్లు రావు.

ఇక ఆరోగ్యశ్రీ సంగతి. 2007 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని మొదట ప్రారంభించిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో దాని పరిమితి కుటుంబానికి 10 లక్షల రూపాయలు. ఆ పథకం నిలబెట్టిన ప్రాణాలను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఒకనాడు మా వీధిలోని పెద్దమ్మను మోకాళ్ల నొప్పులకని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తోడుగా తీసుకువెళ్లాను. ఆమె కొంగుముడి విప్పి, పాలిథిన్ కవరులో భద్రంగా చుట్టుకున్న కార్డును కౌంటరు మీద పెట్టింది. అక్కడి అబ్బాయి చూసి, “ఆపరేషన్ ఉంటెనే నడుస్తదమ్మా, గోలీలకు నడువది” అన్నాడు. “అట్లయితే ఆపరేషనే చెయ్యమను బిడ్డా” అన్నది ఆమె. పథకం డబ్బు ఎటు పారితే రోగీ ఆసుపత్రీ అటే నడుస్తాయని నేను తరగతిలో గంటలకొద్దీ చెప్పిన విషయాన్ని ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

థాయిలాండ్ 2001–02లో, ఒక్కో సందర్శనకు 30 బాట్ల (బాట్ అక్కడి కరెన్సీ) రుసుముతో, అప్పటిదాకా ఏ బీమా లేని వారందరినీ ఆరోగ్య రక్షణలోకి తెచ్చినప్పుడు పెద్ద ఆపరేషన్లతో పాటు ఓపీ చూపింపు, మందులు కూడా అందులోనే చేర్చింది. ప్రతి కుటుంబాన్నీ ఇంటికి దగ్గరి ఆసుపత్రికి అనుసంధానించి, తలకింత చొప్పున ఆ ఆసుపత్రికి డబ్బిచ్చింది. అది సాధ్యపడిందంటే, అంతకు మూడు దశాబ్దాల ముందు నుంచే కొత్త వైద్యులను ప్రభుత్వ సేవకు కట్టుబరచి, పల్లె ప్రాంతాల్లో ఆసుపత్రులను నింపుకొంటూ రావడం వల్లనే. ఈ వెనుక కథ తెలియకుండా 30 బాట్ల టికెట్టును మాత్రమే చూసి వచ్చే అధికారి మనకు టికెట్టే తెచ్చి పెడతాడు.

జర్మనీ ముచ్చట మరొక రకం. అప్పటి జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్ 1883లో తెచ్చిన కార్మికుల ఆరోగ్య బీమా చట్టంలో చందాలో రెండు వంతులు కార్మికుడిది, ఒక వంతు యజమానిది. ఆ పాఠాన్ని పాలమూరులో చెబితే, గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పుణె, ముంబయిలకు వలసపోయిన తల్లిదండ్రుల బిడ్డ లేచి, “సార్, మా నాయనకు యజమాని ఎవరు?” అని అడగక మానదు. మేస్త్రీయా, సీజనుకొకడుగా మారే కాంట్రాక్టరా, భవనం కట్టించుకునే కంపెనీయా? ఆ ప్రశ్న దగ్గర ఆగి ఒక సెమిస్టరంతా గడపవచ్చునని నా అభిప్రాయం.

కోర్సు ఎలా ఉండాలన్న దానిపై నా మనవి కొద్దిపాటిదే. మొదటి సెమిస్టరులోనే విద్యార్థులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, అంగన్‌వాడీల్లో, ఆశా కార్యకర్తల వెంట తిరగాలి. పరాయి దేశాల పాఠాలు ఆ తర్వాత రావాలి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి కనుక అక్కడి సామాజిక వైద్య విభాగాలనూ బోధనలో కలుపుకోవాలి. పాఠ్యగ్రంథాల పని తెలుగు అకాడమీకి అప్పగించాలి. ‘యూనివర్సల్ కవరేజ్’ (అందరికీ ఆరోగ్య రక్షణ) అని పరీక్షలో చక్కగా రాసే విద్యార్థి, దాని భావాన్ని వాళ్లమ్మకు విడమరచి చెప్పలేక నీళ్లు నమలడం నేను చాలాసార్లు చూశాను, ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

దీనికి కొత్త భవనం అక్కరలేదు. వచ్చే విద్యాసంవత్సరానికి ఇరవై సీట్లకు అనుమతిస్తే చాలు. పారితోషికం ఏమీ తీసుకోకుండా, వారానికి రెండు రోజులు దేవరకొండలో బస్సెక్కి నల్గొండకు వచ్చి పాఠం చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
దేవరకొండ, నల్గొండ జిల్లా