కాలిన పుండు మానితే సరిపోదు

సంపాదకుల గారికి,

చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకు పోవాలని మా చిత్తూరు జిల్లాలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. కాలిన చెయ్యి ముడుచుకుపోతే ఎక్కడికి పోవాలో మాత్రం పెద్దవాళ్లకే తెలియదు. ప్లాస్టిక్ సర్జరీ అంటే సినిమావాళ్లు ముక్కు దిద్దించుకోవడమేనని ఇప్పటికీ అనుకుంటున్నాం. అలా ముడుచుకున్న చేతిని సరిచేసేదీ ఆ సర్జరీయే.

మా చెల్లెలి కూతురికి నాలుగేళ్లప్పుడు సంగటికి పెట్టిన ఎసరు కుడిచేతి మీద ఒలికింది. దగ్గర్లోని ఆసుపత్రిలో కట్లు కట్టారు. పుండు మానేసరికి నెలన్నర పట్టింది. మూడు వారాలకీ మానకపోతే చర్మం అతికించాల్సి రావచ్చనీ, వేళ్లు ముడుచుకోకుండా బద్ద కట్టాలనీ ఒక్కరూ చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి మూడు వేళ్లు అరచేతికి అంటుకుపోయాయి. పాప ఎడమచేత్తో అన్నం తింటుంటే చూడలేకపోయేవాళ్లం.

చివరికి తిరుపతిలో ఆపరేషన్ చేశారు. బిగుసుకున్న మచ్చను కోసి, వేళ్లు చాపి, తొడ నుంచి తీసిన పలుచని చర్మం పరిచారు. డాక్టరమ్మ ముందే అన్నీ విప్పి చెప్పింది: చర్మం కొంత పట్టకపోవచ్చు, చీము చేరొచ్చు, రంగు కలవదు, తొడ మీదా మచ్చ ఉంటుంది, బిడ్డ ఎదిగేకొద్దీ మళ్లీ కోయాల్సి రావచ్చు. భయపడుతూనే సంతకం పెట్టాం. ఇప్పుడు పాప తన జడ తానే అల్లుకుంటోంది.

గ్రహణం మొర్రి బిడ్డలదీ ఇదే కథ. గ్రహణం నాడు తల్లి ఏదో కోసిందని ఆమెనే నిందిస్తారు. పెదవిని మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలిని ఏడాది, ఏడాదిన్నర లోపు సరిచేయవచ్చని తెలిస్తే ఆ తల్లికి ఎంత ధైర్యం! ఆలస్యమైతే మాట ముక్కులోంచి వస్తుంది. రోడ్డు ప్రమాదంలో ఎముక బయటపడిన కాలికి కండను రక్తనాళాలతో సహా తెచ్చి కప్పుతారు. ఆ నాళంలో రక్తం గడ్డకడితే కప్పిన కండ చచ్చిపోతుంది. అందుకే మొదటి రెండు మూడు రోజులు గంట గంటకూ చూస్తారు, బీడీ ముట్టొద్దంటారు.

మచ్చ మందం కాకుండా పాప రోజంతా బిగుతు గ్లవ్ వేసుకుంటోంది, స్నానానికి తప్ప తీయకూడదు. చెయ్యి పెరిగినప్పుడల్లా కొత్తది కావాలి, వ్యాయామమూ చేయించాలి. వాటికోసం తిరుపతికి పోయిన ప్రతిసారీ చెల్లెలికి ఒకరోజు కూలి పోతోంది. పలమనేరు లాంటి ఊళ్లలోని ఏరియా ఆసుపత్రులకు వారానికొకరోజైనా ఫిజియోథెరపిస్టును పంపి, బద్దలు, గ్లవ్‌లు అక్కడే ఉచితంగా ఇప్పించాలి. మూడు వారాలకు మానని కాలిన గాయాన్ని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలని ప్రతి ఆరోగ్య కేంద్రానికీ, ఆశా కార్యకర్తకూ జిల్లా వైద్యాధికారులు రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, పలమనేరు, చిత్తూరు జిల్లా