పూల్‌కు తాళం వేసి పతకాలు అడుగుతారా?

సంపాదకుడు గారికి,

రాష్ట్రస్థాయి ఈత పోటీల్లో మన జిల్లా పిల్లలు నిరాశపరిచారని గత వారం మీ జిల్లా పేజీలో రాశారు. ఆ పిల్లల్లో మా అన్న కొడుకు ఉన్నాడు. నిరాశపరిచింది వాళ్లు కాదు.

మా దగ్గర పూల్ తెరిచేదే ఏప్రిల్‌లో. సమ్మర్ క్యాంపు పేరుతో రెండు నెలలు నడిపి జూన్‌లో తాళం వేస్తారు. ఒక ఏడు మోటరు పాడైందంటారు, ఇంకో ఏడు క్లోరిన్‌కు బిల్లు రాలేదంటారు, చలికాలంలో కారణం కూడా చెప్పరు. తీరా పోటీలు దగ్గరికొచ్చాక ఫోన్ చేసి పిల్లల్ని పంపండి, జిల్లా పరువు అంటారు.

నిమిషంలో ముగిసే పోటీకి నెలల సాధన కావాలి. సీజన్ మొదట్లో రోజూ కిలోమీటర్ల కొద్దీ ఈదిస్తారు. దమ్ము పెరిగేది, చెయ్యి వేసే తీరు, గోడ దగ్గర తిరిగే టర్న్‌లో తప్పులు దిద్దుకునేది అప్పుడే. తర్వాత పోటీ వేగంతో చిన్న దూరాలు. చివరి రెండు మూడు వారాలు వేగం వదలకుండా దూరం బాగా తగ్గిస్తారు. కోచ్‌లు దీన్ని టేపర్ అంటారు. అలసట తీరి, టైమింగ్ రెండు శాతం మెరుగుపడినా 100 మీటర్ల పోటీలో సెకను దాకా కలిసొస్తుంది. నెలల తరబడి ఈదినవాళ్లకే అది పనిచేస్తుంది. మా పిల్లలు ఈదిందే లేదు, ఇక తగ్గించడానికేముంది?

లాక్‌డౌన్‌లో పూల్‌లు మూతపడి మన దేశపు మేటి ఈతగాడు సజన్ ప్రకాశ్ అంతటివాడు నెలల పాటు నీళ్లకు దూరమయ్యాడు. 2020 ఆగస్టులో దుబాయ్ వెళ్లి కోచ్ ప్రదీప్ కుమార్ దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై 1:56.38లో ఈది, నేరుగా ఒలింపిక్స్‌కు అర్హతనిచ్చే 'ఎ' ప్రమాణం అందుకున్న తొలి భారత ఈతగాడయ్యాడు. ఆ ప్రమాణం 1:56.48. సెకనులో పదో వంతు తేడా! అంతటివాడికే దానికి పది నెలల సాధన పట్టింది.

మా చిన్నప్పుడు ఊరి బావుల్లో బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నాం. నేర్చుకోవడానికి బావి చాలు, పోటీకి చాలదు. ఇప్పుడు ఆ బావులూ పూడిపోయాయి. ఏదైనా కట్టడానికి డబ్బు దొరుకుతుంది, నడపడానికి దొరకదు. పార్కులో ఫౌంటెన్, గ్రంథాలయం, ఇండోర్ హాలు, అన్నిటిదీ ఇదే గతి. ప్రారంభోత్సవానికి వచ్చిన అధికారులు మళ్లీ అటు తొంగిచూడరు.

పూల్ ఏడాదంతా తెరవాలి. పోటీలకు వెళ్లే పిల్లలకు పొద్దున రెండు లేన్లు విడిగా ఇవ్వాలి. కోచ్‌కు పన్నెండు నెలల జీతం ఇవ్వాలి. క్యాంపు అయిపోగానే ఆయన్ని పంపించేస్తే పిల్లల టైమింగ్ నెలనెలా చూసేదెవరు?

– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా