పాదరసం సీసా

సూళ్ళూరుపేట,
సెప్టెంబరు 11

చిరంజీవి అమ్మడుకి నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు కూడా క్షేమంగానే ఉన్నావని అనుకుంటున్నాం. నువ్వు ఫోన్ చేసి పంతొమ్మిది రోజులైంది. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి కాబట్టి ఫోన్ నీ చేతిలోనే ఉందని మీ అమ్మ ధైర్యం తెచ్చుకుంటోంది. నాయుడుపేట పిన్ని వాళ్ళ పక్కింటి అబ్బాయి తులూజ్‌లో చదవడానికి వస్తున్నాడంటే, పచ్చళ్ళతో పాటు ఈ ఉత్తరం కూడా పంపుతున్నాను. గోంగూర పచ్చడి డబ్బాకి మీ అమ్మ రెండు కవర్లు చుట్టి దారం కట్టింది. కత్తెరతో తీయి, పళ్ళతో లాగొద్దు. ఆ పక్క పన్ను సంగతి డాక్టరుకి చూపించావా?

పెద్దబావికి నీళ్ళొచ్చాయి. రామయ్య తాత కంటి ఆపరేషన్ బాగా జరిగింది. పులికాట్‌లో ఫ్లెమింగోలు ఇంకా రాలేదు, నీళ్ళు కూడా ఇంకా పూర్తిగా నిండలేదు. చిట్టి పెళ్ళి పనులు మొదలయ్యాయి. కార్తీకం ఎంత దూరం చెప్పు. నువ్వు టికెట్ క్యాన్సిల్ చేసుకున్నావని పిన్ని ఎక్కడో విని మీ అమ్మ చెవిన వేసింది. నేను నమ్మలేదు. మీ అమ్మ మాత్రం రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

సరే, ఆ మాట పక్కన పెడతాను. మామతో నీ గొడవ గురించి రాయకూడదనుకునే ఈ కాగితం తీశాను.

నువ్వు పారిస్ మ్యూజియం నుంచి పంపిన ఫోటో నిన్న మళ్ళీ చూశాను. గబ్బిలం రెక్కల్లాంటి రెక్కలతో మెట్ల మీద వేలాడుతున్న ఆ ఆవిరి విమానం. అది చేసిన క్లెమాన్ ఆదేర్ మీ తులూజ్ పక్కనే ఉన్న మ్యూరేలో పుట్టాడని, అక్కడివాళ్ళకి మొదట ఎగిరింది ఆయనేనని రాశావు. 1890 అక్టోబరు 9న ఆయన విమానం నేలనుంచి జానెడు ఎత్తు లేచి ఓ యాభై మీటర్లు వెళ్ళిందంటారు. 1897లో 300 మీటర్లు ఎగిరానని కూడా ఆయన తర్వాత చెప్పుకున్నాడు, కానీ ఆ రోజు దగ్గరుండి చూసిన సైనికాధికారుల నివేదిక 1910లో బయటపడితే అందులో అలాంటిదేమీ లేదు. అయినా ఫ్రెంచి వాళ్ళు విమానాన్ని ఈ రోజుకీ ఆయన పెట్టిన పేరుతోనే 'ఆవియోఁ' అని పిలుస్తున్నారు. ఇవన్నీ నువ్వు చెప్పినవే. ఎంత ప్రేమగా చెప్పావో గుర్తుందా?

మీ బ్రెజిల్ రూమ్మేట్ సంగతి కూడా అలాగే చెప్పావు. వాళ్ళ దేశపు శాంటోస్ డ్యూమాంట్ 1906 అక్టోబరు 23న పారిస్‌లో అంతమంది జనం ముందు, పట్టాలూ ఎదురుగాలీ అక్కర్లేకుండా చక్రాల మీద పరిగెత్తి లేచాడని, 1903లో రైట్ సోదరులు ఎగిరింది అయిదుగురు మాత్రమే చూశారని ఆ పిల్ల వాదన. రైట్ సోదరుల నాలుగో ప్రయత్నమే 59 సెకన్లు, 260 మీటర్లు ఉందని, మూడేళ్ళ తర్వాతి 60 మీటర్లు దానికి ముందు ఎలా అవుతాయని నువ్వు రాత్రి పన్నెండింటి దాకా ఓపిగ్గా చెప్పావట. "వాళ్ళ దేశం బాధ నాకర్థమైంది నాన్నా" అన్నావు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

మరి మీ మామతో మాట్లాడడానికి రెండు నిమిషాలు ఎందుకు లేకపోయాయి అమ్మడూ?

ఆగస్టు 23న అంతరిక్ష దినోత్సవం అని మామ గ్రూపులో ఆ మెసేజ్ పెట్టాడు. మొదటి విమానం మనదే, 1895లో బొంబాయిలో తల్పడే అనే ఆయన ఎగరేశాడు, చంద్రుడి దక్షిణ ధ్రువం మీద మొదట దిగింది మనమే, మొదటి ప్రయత్నంలోనే అంగారకుణ్ణి చేరింది ప్రపంచంలో మనమొక్కరమే, ఇలా. నువ్వు "ఇవన్నీ అబద్ధాలు మామా, చదువుకున్నవాళ్ళు చూస్తే నవ్వుతారు" అని పెట్టి గ్రూపులోంచి వెళ్ళిపోయావు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి ఆయన. 'చదువుకున్నవాళ్ళు' అన్న మాట ఆయనకి ఎక్కడ తగిలి ఉంటుందో ఆలోచించు.

పైగా అన్నీ అబద్ధాలు కావు. ఫిజిక్స్ మాస్టారి కూతురివి, ఒక్కొక్కటీ విడదీసి చూడాల్సింది. చంద్రయాన్-3 దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. ధ్రువం 90. చంద్రుడి మీద ఒక డిగ్రీకి సుమారు 30 కిలోమీటర్లు వేసుకుంటే ధ్రువం అక్కడికి ఆరువందల కిలోమీటర్ల పైన ఉంది, మన ఊరి నుంచి హైదరాబాదు కన్నా దూరం. కాబట్టి ధ్రువం మీద దిగామనడం తప్పు. కానీ ఆ రోజు వరకు దక్షిణాన అంత దగ్గరగా ఇంకెవరూ మెత్తగా దిగలేదన్నది నిజం. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అమెరికా కంపెనీ ల్యాండరు 80 డిగ్రీల దగ్గర దిగింది, అది పక్కకి ఒరిగిపోయినా దిగినట్టే. అంగారకుడి సంగతీ అంతే. 2003లో యూరప్ దేశాలు కలిసి పంపిన నౌక మొదటి ప్రయత్నంలోనే కక్ష్యలోకి చేరింది. ఒంటరిగా ఒక దేశం మొదటి ప్రయత్నంలోనే చేరడంలో మాత్రం 2014 సెప్టెంబరు 24న మనమే మొదలు, ఆసియాలో అంగారకుణ్ణి చేరడంలో కూడా మనమే మొదలు. చంద్రుడి మీద నీటి జాడ పట్టింది చంద్రయాన్-1 మీద వెళ్ళిన అమెరికా పరికరం, దాన్ని మోసుకెళ్ళింది మన నౌక. ఇందులో ఎవరి వాటా వాళ్ళకిచ్చినా మన వాటా తక్కువేం కాదు. మామకి ఇలా చెప్పి ఉంటే వినేవాడు. నా మాట వింటాడు, నీ మాట ఇంకా ఎక్కువ వింటాడు.

తల్పడే సంగతి వేరు. అది నిజం కాదు. ఆ విషయంలో నీదే రైటు. కానీ అది నాకు ఎలా తెలిసిందో నీకెప్పుడూ చెప్పలేదు.

1998లో, నువ్వు పుట్టకముందు, ఎనిమిదో తరగతికి సాంద్రత పాఠం చెబుతున్నాను. ల్యాబులో రెండు సీసాలు ఉండేవి, రెండూ అరచేతిలో పట్టేంత, ఒకే సైజు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో పాదరసం. మూతకి లక్క పోసి గట్టిగా బిగించి ఉంచేవాణ్ణి. రెండూ పిల్లల చేతికిచ్చి బెంచీ వెంట బెంచీ పంపిస్తే, పాదరసం సీసా చేతిలో పడగానే ప్రతి పిల్లాడి చెయ్యీ కిందికి జారేది. నీటికన్నా 13.6 రెట్లు బరువు అని బోర్డు మీద రాసే ముందే వాళ్ళకి తెలిసిపోయేది. ఆ రోజు సీసా వెనక బెంచీ దాకా వెళ్ళేలోపు నేను మాట కలిపాను. "ఈ పాదరసం ఇంజనుతోనే 1895లో బొంబాయి చౌపాటీ బీచిలో తల్పడే గారు విమానం ఎగరేశారు, 1500 అడుగులు లేచింది, రైట్ సోదరులకి ఎనిమిదేళ్ళ ముందు" అన్నాను. ఏటా ఆగస్టు 15 స్పీచిలోనూ అదే చెప్పేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. సీసా రెండు చేతుల్లో పట్టుకుని ఉంది. "సార్, ఆ విమానంలో ఇలాంటివి ఎన్ని సీసాలు పోశారు సార్?" అని అడిగింది.

ఎగతాళి కాదు అమ్మడూ. లెక్క వేద్దామనుకుంది. చేతిలో ఆ బరువు ఉంది, ఎన్ని సీసాలో తెలిస్తే విమానం బరువెంతో తేలుతుంది. నేను చెప్పిన పాఠానికి ఆ తరగతిలో వచ్చిన ఒకే ఒక్క సరైన ప్రశ్న అది. నేనేం చేశాను? "దేశం గొప్ప చెబుతుంటే ఎదురు ప్రశ్నలా? కూర్చో" అని గట్టిగా అరిచాను. ఆ పిల్ల కూర్చోలేదు. ముందుకి నడిచొచ్చి, చప్పుడు కాకుండా సీసాని నా బల్ల మీద పెట్టి, వెళ్ళి కూర్చుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చదివింది పాత వారపత్రికలో ఒక పేజీ. తీసి చూస్తే అందులో సీసాల లెక్క లేదు, రెక్క పొడవు లేదు, ఇంజను బొమ్మ లేదు, ఆ రోజుల్లోనే అచ్చయిన పేపరు పేరు ఒక్కటీ లేదు. బెంగళూరులో ఉన్న స్నేహితుడికి జాబు రాస్తే, అక్కడి సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో ముకుంద గారితో కలిపి అయిదుగురు ప్రొఫెసర్లు 1974లో రాసిన వ్యాసం జిరాక్స్ తీసి పంపాడు. ఈ కథలన్నిటికీ ఆధారంగా చూపించే వైమానిక శాస్త్రం అనే పుస్తకం వేదకాలం నాటిది కాదు, 20వ శతాబ్దం మొదట్లో సుబ్బరాయశాస్త్రి గారు చెబుతుంటే రాసుకున్నది. బొమ్మలు బెంగళూరులో ఒక డ్రాఫ్ట్స్‌మన్ గీశాడు. శకున, సుందర, రుక్మ, త్రిపుర అని నాలుగు విమానాలూ పరీక్షించి, ఒక్కటి కూడా ఎగరదని లెక్కలతో చూపించారు. వాళ్ళూ మన దేశం వాళ్ళే, ఆ సంస్కృతం పరిశీలించి మరీ రాశారు.

మళ్ళీ క్లాసులో నేను చెప్పింది తప్పని చెప్పడానికి మూడు నెలలు పట్టింది. అప్పటికి ఆ పిల్ల వాళ్ళమ్మా నాన్నలు పని వెతుక్కుంటూ మద్రాసు వైపు వెళ్ళిపోయారు. మిగతా అందరికీ చెప్పాను. వినాల్సిన మనిషి వినలేదు. ఆ అమ్మాయికి ఇప్పుడు నలభై దగ్గర పడుతుంటాయి. దేశం మీద ప్రేమ ఉన్నవాళ్ళు ప్రశ్నలడగరని నా దగ్గర నేర్చుకుని వెళ్ళిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. రిటైరయ్యే దాకా ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ ముందు ఆ ప్రశ్న చెప్పి, తర్వాతే సీసా పంపేవాణ్ణి.

నువ్వు నాలాగా అరిచావని అనడం లేదు. నాది తప్పు, నీది ఒప్పు. కానీ మనిద్దరం ఎదుటి మనిషి చేతిలో ఏముందో చూడకుండా మాట్లాడాం.

మీ మామ చేతిలో ఏముందో నీకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళు శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ బస్సు స్టీరింగు ఉంది. 1993 సెప్టెంబరు 20న మొదటి పీఎస్‌ఎల్‌వీ రాకెట్ సముద్రంలో పడిపోయిన రోజు సాయంత్రం, బస్సు నిండా మనుషులున్నా పులికాట్ దాటేదాకా ఒక్కరూ నోరు విప్పలేదట. గేరు మార్చిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదని ఎన్నిసార్లు చెప్పాడు? ఇంటికొచ్చి మీ అత్త పెట్టిన కంచం ముందు కూర్చుని లేచేశాడట. మరుసటి ఏడు అక్టోబరులో రెండోది గురి తప్పకుండా వెళ్తే వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. 2008లో చంద్రయాన్ వెళ్ళిన రోజు పొద్దున ఆరున్నరకి మేడ మీద మనం చూసింది మబ్బుల్లోకి దూరిన వెలుగు మాత్రమే. మామ డ్యూటీ దిగి తిన్నగా మనింటికొచ్చి నిన్ను భుజాన ఎక్కించుకుని "మనమే పంపాం రా అమ్మడూ" అన్నాడు. నువ్వు బడికెళ్ళి మా మామ చంద్రుడి మీదికి పంపాడని చెప్పావు. మీ టీచరు నవ్వలేదు. "మీ మామ బస్సు నడపకపోతే సైంటిస్టులు ఎలా వెళ్తారు, నిజమే" అంది. ఏడేళ్ళ పిల్లవి, ఆ మాట నాకొచ్చి ఎంత సంబరంగా చెప్పావో.

ఆయన గ్రూపులో పెట్టే మెసేజీలన్నీ ఆ బస్సులోంచి వచ్చేవే. వాటిని సరిదిద్దు, తప్పకుండా దిద్దు, ఊరుకోమని నేను ఎప్పుడూ చెప్పను. అంతరిక్షంలోకి మొదట వెళ్ళిన గగారిన్ తన నౌకలో కాకుండా విడిగా పారాచూట్‌తో దిగాడన్న సంగతి రష్యా వాళ్ళు రికార్డు పోతుందని ఏళ్ళ తరబడి దాచారు. బయటపడ్డాక గగారిన్ ఏమైనా చిన్నవాడయ్యాడా? మనకీ దాచేది ఏమీ అక్కర్లేదు. నేను చెప్పేది ఎలా చెప్పాలన్న దాని గురించి. ముందు అన్నం తిన్నావా మామా అని అడుగు, తర్వాత లెక్క చెప్పు.

లెక్చరు అయిపోతోంది, తెలుసు. ఇంకొక్క సంగతి. అమెరికాలోనే స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళకీ ఆర్విల్ రైట్‌కీ ఎంత కాలం మాటల్లేవో చదివావా? వాళ్ళ పెద్ద లాంగ్లీ చేసిన విమానం 1903లో రెండుసార్లు పోటోమాక్ నదిలో పడింది. 1914లో దాన్ని మార్చి, కాస్త ఎగిరించి, ఎగరగలిగిన మొదటి విమానం ఇదేనని బోర్డు పెట్టారు. ఆర్విల్ కడుపు మండి 1928లో తమ విమానాన్ని లండన్ పంపేశాడు. మ్యూజియం తప్పు ఒప్పుకుంటూ రాసింది 1942లో. విమానం ఇల్లు చేరింది 1948 డిసెంబరులో. ఆర్విల్ ఆ ఏడాది జనవరిలోనే పోయాడు.

మామకి బీపీ మళ్ళీ పెరిగింది. కంగారేం లేదు, మాత్ర మార్చారు.

టికెట్ సంగతి ఒక్క ముక్క రాయి. క్యాన్సిల్ చేస్తే చేశానని చెప్పు, మళ్ళీ తీసుకోవడానికి డబ్బు నేను పంపుతాను, నీ స్కాలర్‌షిప్‌లోంచి తీయొద్దు. చిట్టి నిశ్చితార్థం చీర నువ్వు చెప్పిన రంగే తీసుకుంది. మీ అమ్మ చెంగాళమ్మకి ఏదో మొక్కుకుంది, ఏమిటో నాకు చెప్పడం లేదు. అక్కడ చలి మొదలయ్యే ముందే ఆ నీలం స్వెట్టర్ ఉతికి పెట్టుకో. రాత్రిళ్ళు ల్యాబు నుంచి ఒక్కదానివే నడిచి రావద్దు.

పార్సిల్‌లో స్టీలు డబ్బా ఒకటి కనిపిస్తుంది. అందులో జంతికలు. మీ అత్త చేసింది, మామ తెచ్చాడు. నిన్న సాయంత్రం వచ్చి నీ పేరెత్తకుండా డబ్బా బల్ల మీద పెట్టి, "పచ్చళ్ళతో పాటు దీన్ని కూడా పెట్టండి బావా, మూత వదులుగా ఉంది, టేపు వేయండి" అన్నాడు. టేపు ఆయనే వేసి వెళ్ళాడు. ముందు అవి తిను, మెత్తబడిపోతాయి.

ఇట్లు,
నాన్న