మా సభ్యుల చిగుళ్లకు వైద్యం చేసిన డెంటల్ బృందానికి కృతజ్ఞతలు

హెచ్ఐవీ ఉన్నవాళ్లం కలిసి నడుపుకునే మా పాజిటివ్ నెట్‌వర్క్ సభ్యులకు నోటి పరీక్షలు, చిగుళ్ల వైద్యం చేసిపెట్టిన డెంటల్ కాలేజీ డాక్టర్లకు, పీజీ విద్యార్థులకు, నర్సమ్మలకు, పరికరాల గదిలో పనిచేసే అన్నకు అందరి తరఫునా నమస్కారాలు. పేర్లు రాయొద్దని మీరే అన్నారు, రాయడం లేదు. మీరు చేసిన పని మాత్రం వివరంగా రాస్తున్నాం. వేరే జిల్లాల నెట్‌వర్కులు తమ దగ్గరి డాక్టర్లను ఏం అడగాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి కృతజ్ఞత చిగురు లోతు కొలిచే సన్నటి పరికరం, ప్రోబ్, పట్టుకుని కూర్చున్నందుకు. చాలా క్యాంపుల్లో టార్చి వేసి చూస్తారు, పేస్టు ట్యూబు చేతిలో పెడతారు, ఫొటో దిగుతారు. మీరు ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల మిల్లీమీటర్ల గీతలున్న ప్రోబ్‌ను చిగురు అంచులోకి మెల్లగా దించి లోతు రాసుకున్నారు. 1 నుంచి 3 మి.మీ. ఉంటే మామూలే. 4, ఆపైన ఉండి, ప్రోబ్ తగలగానే రక్తం వస్తే అక్కడ చిగురు పంటిని వదిలేసి సందు పడిందని అర్థం. వెనక దవడ పళ్ల దగ్గర 6, 7 వచ్చినవాళ్లకు కూడా నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఈ జబ్బుతో వచ్చిన చిక్కు.

హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఈ సందులతో ఏం పని అని అడిగిన ప్రతివాళ్లకూ మీరు విసుక్కోకుండా చెప్పారు. టీఎల్‌డీ మాత్ర (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసినది) వైరస్ పెరగకుండా ఆపుతుంది, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనబడనంతగా పడిపోతుంది. అయినా చాలామందిలో సీఆర్‌పీ, ఐఎల్-6 లాంటి వాపు సూచికలు మామూలు మనిషి స్థాయికి దిగవు. పేగు గోడకు మొదట్లోనే జరిగిన నష్టం, సీఎంవీ లాంటి పాత వైరస్‌లు, పొగతాగడం ఇందుకు కారణాలు. వాటికి చిగుళ్లు తోడవుతాయి. గాలి తగలని సందు అడుగున పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా చేరి బ్యూటిరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పాడైన వెన్నకు వాసన తెచ్చేది ఈ ఆమ్లమే. నిద్రాణమైన కణాల్లో హెచ్ఐవీ జన్యువు హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ బిగుసుకుని ఉంటుంది, ఆ బిగువును ఒక ఎంజైమ్ కాపాడుతుంది. బ్యూటిరిక్ ఆమ్లం ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటే బిగువు సడలి వైరస్ మేలుకుంటుందని 2009లో జపాన్ పరిశోధకులు ప్రయోగశాల కణాల్లో చూపించారు. ఎప్‌స్టీన్ బార్ వైరస్‌ను కూడా ఇదే ఆమ్లం రేపుతుంది.

ఇది వినగానే కొందరు తమ వైరల్ లోడ్ పెరగడానికి చిగుళ్లే కారణమనుకున్నారు. మీరు అక్కడే సర్దిచెప్పారు. రోజూ మాత్ర వేసుకునే మనిషిలో మేలుకున్న వైరస్ కొత్త కణాల్లోకి చొరబడలేకపోతుంది. లోడ్ 1000 దాటితే ముందు చూడాల్సింది తప్పిన డోసులను. చిగుళ్ల వైద్యం ఏఆర్‌టీకి, అంటే హెచ్ఐవీ మందుల చికిత్సకు, తోడే గానీ, దాని బదులు కాదు.

గాజుగుడ్డ పరీక్ష మా వాలంటీర్లకూ నేర్పారు. నాలుక మీద తెల్లటి పొరను తడి గాజుగుడ్డతో తుడిస్తే ఊడొచ్చి కింద ఎర్రగా కనిపిస్తే అది కాండిడా అనే ఫంగస్ పూత కావచ్చు. నాలుక పక్కన నిలువు ముడతల్లా ఉండి ఎంత తుడిచినా పోకపోతే హెయిరీ ల్యూకోప్లేకియా అని అనుమానించాలి, అది ఎప్‌స్టీన్ బార్ పని. రెండిటిలో ఏది కనిపించినా సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), వైరల్ లోడ్ చూపించుకోమని పంపాలి. పూతతో పాటు మింగినప్పుడు నొప్పి ఉంటే అది అన్ననాళంలోకి దిగినట్టే అనుకోవాలి. పైపూత మందుతో సరిపెట్టకుండా అదే రోజు ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లాలి.

అన్నిటికన్నా ఎక్కువ రుణపడింది మందుల చీటీ దగ్గర. చీటీ రాసేముందు ఏఆర్‌టీ పుస్తకం తెరిచి చూసిన దంతవైద్యులు అరుదు. పంటినొప్పికి మామూలుగా రాసే డైక్లోఫెనాక్‌ను రోజుల తరబడి వాడితే టెనోఫోవిర్‌తో కలిసి కిడ్నీల మీద పడుతుంది. మీరు పారాసెటమాల్‌తో సరిపెట్టారు. కడుపులో మంటకని మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న తెల్ల సిరప్ తాగితే డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. టీఎల్‌డీ మాత్ర ఆ సిరప్‌కు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు అన్నంతో పాటయితే కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపునయితే అదే ఎడం పాటించాలి. ముఖంలో నరాల నొప్పికి కార్బమజెపైన్ రాస్తే డోలుటెగ్రావిర్ స్థాయి పడిపోతుంది. గుట్కాతో నోరు బిగుసుకుపోయిన వాళ్లకు ట్రయామ్సినోలోన్ సూది మందు ఇవ్వడం వాడుకే. మొదటి మందులు పనిచేయక రెండో లైన్ మందుల్లో రిటోనావిర్ తీసుకునేవాళ్లకు ఆ స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుని మొహం ఉబ్బుతుంది, ఎడ్రినల్ గ్రంథి మందగిస్తుంది. మా వాళ్లలో ఒకరికి ఆ సూది పడకుండా ఆపింది మీరే.

పన్ను తీయడం విషయంలోనూ అంతే. సీడీ4 తక్కువన్న ఒక్క మాటతో ఎవరినీ వెనక్కి పంపలేదు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 50,000 పైన, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు 500 పైన ఉన్నాయా అని చూసి తీశారు.

గార తీయించుకున్నాక పళ్లు కదులుతున్నాయని, జివ్వుమంటున్నాయని ఫోన్లు వచ్చాయి. గార పళ్లను పట్టి ఉంచుతుందనే అపోహ మన దగ్గర గట్టిది. చిగురు వాపు తగ్గి, ఇన్నాళ్లూ గార కప్పిన వేరు భాగం బయటపడుతుంది, జివ్వుమనేది అందుకే. కదులుడు ఎముక అరగడం వల్ల ఎప్పుడో మొదలైంది, గార పోయాక తెలుస్తోంది. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మి.లీ. నోట్లో పోసుకుని నిమిషం పుక్కిలించి ఉమ్మాలి. రోజుకు రెండుసార్లు, రెండు వారాలు చాలు. బ్రష్ చేసిన వెంటనే వాడితే పేస్టులోని నురుగు పదార్థం దాన్ని పనిచేయనివ్వదు, అరగంట ఆగాలి. ఇంకా ఎక్కువ రోజులు వాడితే పళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, రుచి తెలియదు. పాచి మళ్లీ రాకుండా మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీలు వాల్చి రెండు నిమిషాలు తోమాలి. అడ్డంగా రుద్దితే చిగురు పంటి నుంచి వెనక్కి జారుతుంది. బొగ్గు, ఇటుక పొడి, పొగాకు పొడి ముట్టుకోకూడదు.

ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన అమ్మల్లో అడ్డపొగ తాగేవాళ్లున్నారు. చుట్ట నిప్పు నోటి లోపల ఉంటుంది గనక ముందు దెబ్బతినేది అంగిలి. వాళ్లను తిట్టకుండా, కట్టుడు పళ్లు తీయించి, అద్దంలో ఆ అంగిలి చూపించి, అనుమానం ఉన్నచోట ముక్క పరీక్షకు పంపిన పీజీ డాక్టరమ్మకు ప్రత్యేకంగా దండాలు.

ఇంకోటి కూడా చెప్పాలి. మాకు వేరే కుర్చీ వేయలేదు, ఫైలు మీద ఎర్ర గుర్తు పెట్టలేదు, చివర్లో రమ్మనలేదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం వైద్యం నిరాకరించడం చట్టవిరుద్ధమే అయినా, రెండు జతల గ్లవుజులు వేసుకుని దూరం నుంచే నోరు తెరవమనే చోట్లు మాకు తెలుసు. మీ దగ్గర ప్రతి పేషెంటుకూ ఒకటే పద్ధతి. 121 డిగ్రీల్లో, 15 పౌన్ల ఒత్తిడిలో శుద్ధి చేసిన పరికరాల కవర్ మా కళ్లముందే చింపారు. ఆటోక్లేవ్ దగ్గర ఉక్కపోతలో నిలబడి, సూచిక రంగు మారని కవర్లను పక్కన పడేసి మళ్లీ పెట్టిన అన్నా, నీ పని మేం చూశాం.

సభ్యులకు: సందు 4 మి.మీ. దాటినవాళ్లు మూడు నెలలకోసారి చూపించుకోవాలి. వచ్చేటప్పుడు ఏఆర్‌టీ పుస్తకం, షుగరు, బీపీ మాత్రల అట్టలు, కొత్త రక్తపరీక్ష కాగితం తెచ్చుకోండి. ఉదయం టిఫిన్ తిని, ఎప్పటి మాత్ర అప్పుడు వేసుకునే రండి. పన్ను తీయించుకోవాలని ఏఆర్‌టీ మాత్ర మానేసి రావద్దు.