బాలాపూర్ పిల్లలకు కుర్చీ వేసిన గ్రంథాలయానికి కృతజ్ఞతలు

మా పిల్లల పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. మా పిల్లలు అంటే మయన్మార్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా కుటుంబాల పిల్లలు. సాయంత్రాలు వాళ్ళకు లెక్కలు, తెలుగు చెప్తుంటాను. ఇంటిల్లిపాదికీ ఒకటే గది, పక్కన చంటిపిల్లల ఏడుపు. పరీక్షలు దగ్గరపడేసరికి వాళ్ళు కూర్చుని చదువుకునే చోటు కావాల్సి వచ్చింది. దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి వెళ్ళి అడిగాను.

ఆధార్ అడుగుతారేమోనని లోపలికి వెళ్ళేటప్పుడే టెన్షన్. అంతకుముందు ఒక బడిలో ఆ ఒక్క కాగితం లేదనే వీళ్ళను వెనక్కి పంపేశారు. గ్రంథపాలకురాలు గారు మాత్రం "ఏ క్లాసు? ఏ మీడియం?" అని అడిగారు. "హాల్లో చదువుకోవడానికి సభ్యత్వం అక్కర్లేదమ్మా, రిజిస్టర్‌లో సంతకం పెడితే చాలు" అన్నారు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే చిరునామా రుజువు, డిపాజిట్టు ఉండాలని కూడా అప్పుడే చెప్పారు. ఆ పుస్తకాలు నా కార్డు మీద తీసుకున్నాను. ఉన్న నిబంధనల్లోనే దారి చూపించారు, అందుకే ఆవిడంటే నాకింత గౌరవం.

మయన్మార్‌లో 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాల్లో చాలామంది ఏ దేశపు పౌరులూ కాకుండా పోయారు. 2012లో రఖైన్‌లో జరిగిన హింస తర్వాత, మళ్ళీ 2017లో, లక్షలమంది ఇళ్ళు వదిలారు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. అందుకని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు చూపించినా చాలాచోట్ల పని జరగదు. ఎక్కడికెళ్ళినా తామెవరో రుజువు చేసుకుంటూ ఉండాల్సిన మనుషులు వీళ్ళు. జాతీయత, భాష చూడకుండా అందరికీ సమానంగా సేవ అందాలని యునెస్కో, అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా కలిసి 1994లో ఇచ్చిన ప్రజా గ్రంథాలయాల ప్రకటన చెబుతోంది. ఆ మాట మా పేటలో నిజం కావడం కళ్ళారా చూశాను.

గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదువుకునే తమ్ముళ్ళకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. తమ చదువు పక్కన పెట్టి త్రికోణమితి చెప్పారు, బల్ల చివర చోటిచ్చారు. వీళ్ళెందుకు వస్తున్నారని ఒకాయన గట్టిగానే అడిగితే, "చదువుకోవడానికి వస్తున్నారు సార్, మీరూ కూర్చోండి" అని మేడం నెమ్మదిగా చెప్పారు. అటెండర్ అన్న ఉర్దూ పేపర్లన్నీ ఒకచోట పెట్టడం మొదలుపెట్టాక పిల్లల్ని దింపడానికి వచ్చే ఒక తండ్రి రోజూ కూర్చుని చదివి వెళ్ళసాగాడు. ఆడవాళ్ళకు వేరే బల్ల ఉండడంతో తల్లులు కూడా ధైర్యంగా వచ్చారు.

ఇంకొకటి చెప్పి తీరాలి. శరణార్థుల సంస్థ నుంచి ఒక కుటుంబానికి ఇంటర్వ్యూ గురించి మెయిల్ వచ్చింది. లైబ్రరీ కంప్యూటర్‌లోనే చూశాం. వాళ్ళు చదువుకుంటున్నంతసేపూ వెనక ఎవరూ నిలబడకుండా మేడం చూశారు, ప్రింటు తీసి వాళ్ళ చేతికే ఇచ్చారు. ఎవరి నుంచో పారిపోయి వచ్చినవాళ్ళకు తమ పేరు, ఊరు నలుగురి కంటా పడితే ప్రమాదం. నేను ఇక్కడ ఫోటోలు పెట్టకపోవడానికీ, గ్రంథాలయం పేరు రాయకపోవడానికీ కారణం అదే. దయచేసి కామెంట్లలో కూడా అడగకండి.

నిజాం కాలంలో పాలనంతా ఉర్దూలో నడిచే ఈ నగరంలో తెలుగు చదువుకునేవాళ్ళకు ఒక చోటు కావాలనే 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. అలాంటి ఊళ్ళో ఈ పిల్లలకు చోటు దొరకడం నాకెంతో గర్వంగా ఉంది. ఇంటిపన్నుతోపాటు మనందరం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అందులోంచి ఇంత మంచి పని జరుగుతోందని తెలిస్తే ఎవరికైనా సంతోషమే.

కొత్త విద్యా సంవత్సరానికి ఉర్దూ మీడియం తొమ్మిది, పది తరగతుల పాత పుస్తకాలు, చిన్నవాళ్ళకు తెలుగు బొమ్మల పుస్తకాలు కావాలి. ఉన్నవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటాను.