శిస్తు నిరాకరణ స్మారక శిల: జమా ఖర్చుల వివరణ

ఊరి పెద్దలకు, ఆడపడుచులకు, దూరాన ఉండి డబ్బు పంపిన అన్నదమ్ములకు కమిటీ తరఫున నమస్కారం.

1921-22లో మన పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్లు కలిపిన రెవెన్యూ విభాగం) వాళ్లు భూమి శిస్తు కట్టకుండా నిలబడ్డ ఉద్యమానికి గుర్తుగా పెట్టిన శిల ఉగాదికి ఆవిష్కరణ అయింది. పది రోజుల్లో లెక్క చెబుతామన్నాం, రెండు నెలలు పట్టింది. ఈలోగా కమిటీ వాళ్లు కమీషన్ తిన్నారని గ్రూపులో, రచ్చబండ దగ్గర చాలా మాటలు వచ్చాయి. ఆలస్యానికి మన్నించండి. మొదటి రాయి మీద రాత తప్పుపోయి రెండోది చెక్కించాల్సి వచ్చింది. ఆ రెండో రాయి తాలూకు బిల్లులు, లారీ రసీదులు చేతికొచ్చాకే అన్నీ కలిపి చూపిద్దామని ఆగాం.

జమ:
ఊళ్లో 214 ఇళ్ల చందా: రూ. 3,21,400
హైదరాబాద్, బెంగళూరులో ఉన్నవాళ్లు: రూ. 1,48,000
అమెరికా, ఆస్ట్రేలియా నుంచి: రూ. 2,05,000
బ్యాంకు వడ్డీ: రూ. 3,860
మొత్తం: రూ. 6,78,260

ఖర్చు:
పునాది, దిమ్మె, సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి: రూ. 2,36,500
మొదటి రాయి, చెక్కింపు: రూ. 62,000
రెండో రాయి, చెక్కింపు: రూ. 71,500
లారీ, క్రేన్ (రెండుసార్లు): రూ. 32,500
షామియానా, కుర్చీలు, మైకు: రూ. 41,200
భోజనాలు: రూ. 86,750
ఫోటో ప్రదర్శన: రూ. 38,300
దీపాలు, కరెంటు పని: రూ. 22,640
కరపత్రాలు: రూ. 9,800
చిల్లర: రూ. 6,470
మొత్తం: రూ. 6,07,660

మిగిలింది రూ. 70,600. అందులో బ్యాంకులో రూ. 66,200, చేతిలో రూ. 4,400.

భోజనాల లెక్కలో బియ్యం లేవు, అవి నలుగురు రైతులు ఇచ్చారు. వంటకు సాయం పట్టిన ఆడవాళ్లు రూపాయి తీసుకోలేదు. పునాదికి ట్రాక్టర్లతో మట్టి తోలినవాళ్లు డీజిల్ డబ్బు కూడా వద్దన్నారు. వాళ్లందరికీ ఊరు రుణపడి ఉంటుంది.

ఇక అందరూ అడుగుతున్నది రెండో రాయి గురించే. మొదటి రాయి ఏమైంది, దాని మీద రూ. 62,000 ఎందుకు పోయింది, ఆవిష్కరణ సంక్రాంతి నుంచి ఉగాదికి ఎందుకు జరిగింది? పండక్కి సెలవు పెట్టుకుని విదేశాల నుంచి వచ్చినవాళ్లు ఖాళీ దిమ్మె చూసి వెళ్లారు. వాళ్ల బాధ మాకు తెలుసు.

మొదటి రాయి మీద చెక్కించిన మాటల్లో రెండు తప్పులున్నాయి. ఆ రాత ఇచ్చింది కమిటీయే, శిల్పికి దానితో సంబంధం లేదు. మేం చిన్నప్పటి నుంచి విన్నది విన్నట్టు రాసి ఇచ్చాం. రాయి లారీ దిగిన రోజున మన ఊరి రిటైర్డ్ మాస్టారు చదివి చూసి, దిమ్మె ఎక్కించొద్దని ఆపారు.

ఒకటి, కన్నెగంటి హనుమంతు ఈ ఫిర్కాలో కాల్పుల్లో చనిపోయారని రాశాం. ఆయన ప్రాణం ఇచ్చింది పల్నాడులో, మించాలపాడు దగ్గర. అక్కడి పోరాటం అడవిలో పశువుల మేతకు కట్టాల్సిన పుల్లరి మీద. మన పెదనందిపాడు ఫిర్కాలో జరిగింది భూమి శిస్తు కట్టకుండా ఉండటం. రెండూ అప్పటి గుంటూరు జిల్లాలోనే, రెండూ ఆ సహాయ నిరాకరణ రోజుల్లోనే జరిగాయి. అందుకే మన నోళ్లలో కలిసిపోయాయి. ఆ మహానుభావుడి త్యాగాన్ని మన ఖాతాలో రాసుకుంటే పల్నాడు వాళ్లకు ఏం జవాబు చెబుతాం?

రెండోది ఇంకా పెద్దది. ఉద్యమం గెలిచి శిస్తు రద్దయిందని రాశాం. అలా జరగలేదు. 1921 చివర్లో మొదలై, పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో, శాంతిసేన అనే వాలంటీర్ల కాపలాలో ఊళ్లకు ఊళ్లు శిస్తు ఆపేశాయి. వసూలు చేయాల్సిన కరణాలు, మునసబులే రాజీనామాలు ఇచ్చారు. పశువుల్ని జప్తు చేసి వేలం వేస్తే పాట పాడేవాడు లేడు. ప్రభుత్వం రూథర్‌ఫర్డ్ అనే తెల్ల అధికారిని దించింది, సైన్యాన్ని తిప్పింది. తర్వాత మన్యంలో అల్లూరి సీతారామరాజు మీదికి వెళ్లినది కూడా ఆ రూథర్‌ఫర్డే. ఇంత ఒత్తిడిలోనూ మనవాళ్లు చెయ్యెత్తలేదు. గాంధీజీ మాత్రం 1922 జనవరిలో కాంగ్రెస్ నాయకుడు కొండా వెంకటప్పయ్య గారికి ఉత్తరం రాసి, శాసనోల్లంఘనకు కాంగ్రెస్ ఢిల్లీలో పెట్టిన షరతులు నెరవేరాకే ముందుకు వెళ్లమన్నారు. ఫిబ్రవరిలో నాయకులు ఉద్యమాన్ని ఆపేశారు, శిస్తు కట్టేశారు. అదే నెలలో చౌరీచౌరాలో జనం పోలీసుల్ని చంపిన తర్వాత గుజరాత్‌లోని బార్డోలీలో మొదలుపెట్టాల్సిన సత్యాగ్రహాన్ని కూడా గాంధీజీ ఆపేశారు.

"ఆగింది" అని చెక్కిస్తే ఊరికి చిన్నతనం అన్నవాళ్లున్నారు. కమిటీలోనే ముగ్గురు అన్నారు. రెండు వారాలు దీని మీదే కూర్చున్నాం, మాటా మాటా కూడా అనుకున్నాం. చివరికి ఆగిందనే చెక్కించాం. అన్ని వారాలు దెబ్బ తిని కూడా తిరిగి కొట్టకుండా నిలబడ్డవాళ్లకు లేని గెలుపు అంటగట్టడం మాకు తప్పనిపించింది. బడి పిల్లలు ఆ రాయి చూసే నేర్చుకుంటారు.

ఢిల్లీలో పెట్టిన ఆ షరతుల్లో అంటరానితనం పోవాలన్నది కూడా ఉంది. ఆ మాట రాయి మీద ఉండాలని పేట కుర్రాళ్లు అడిగారు, పెట్టాం. చెక్కింపు అక్షరాల లెక్కన కాబట్టి రెండో రాయికి ఎక్కువైంది. అది కమిటీ అంతా ఒప్పుకుని పెట్టిన ఖర్చు.

మొదటి రాయి వెనకవైపు చెక్కించొచ్చు కదా అన్నారు. శిల నాలుగు రోడ్ల మధ్య నిలబడి ఉంటుంది, రెండు వైపులా కనిపిస్తుంది. తప్పు రాతను ఒకవైపు ఉంచలేం. అరగదీద్దామంటే అక్షరాలు లోతుగా దిగాయి, రాయి పలచబడి పగులుతుందని శిల్పి చెప్పాడు. అది ఇప్పుడు బడి వరండాలో బోర్లించి ఉంది. దాన్ని ముక్కలు కోయించి దిమ్మె మెట్లకు వాడదామని తీర్మానం చేశాం.

రెండో రాయికి, దాని లారీ, క్రేన్‌కు కలిపి రూ. 88,500 అదనంగా పడింది. ఎవరి జేబులోకీ ఒక్క రూపాయి పోలేదు. బిల్లులన్నీ ఉన్నాయి. కమిటీ వాళ్లు కమీషన్ తిన్నారన్న మాట విని రెండు రాత్రులు మాకు నిద్ర లేదు.

ఒక్కో కుటుంబం పేరూ ఎందుకు వేయలేదని కూడా అడిగారు. ముప్పై ఒక్క ఇళ్లవాళ్లు తమ తాత, ముత్తాత పేర్లు ఇచ్చారు. ఒకరి పేరు వేసి ఇంకొకరిది వదిలేయలేక కుటుంబాల పేర్లు అసలు వద్దనుకున్నాం. ఆ పేర్లన్నీ ఒక పుస్తకంలో రాసి లైబ్రరీలో పెట్టాం.

చుట్టూ గ్రిల్ పెట్టాలి. అంచనా రూ. 1,60,000. ఇస్తామని సభలో లేచి చెప్పినవాళ్లలో తొమ్మిది మంది నుంచి రూ. 1,15,000 రావాలి. మైకులో పేర్లు చదివించుకుని, చప్పట్లు కొట్టించుకున్నాక ఫోన్ ఎత్తకపోతే మేం ఎవరిని అడగాలి? ఇబ్బందుల్లో ఉంటే ఆ మాట చెప్పండి చాలు, జాబితాలోంచి తీసేస్తాం. ఆ డబ్బు వస్తే ఇంకో చందా అడగకుండానే గ్రిల్, మెట్లు అయిపోతాయి. పశువులు దిమ్మెకు రుద్దుకుంటున్నాయి, అందుకే తొందర.

పద్దు పుస్తకం, రసీదులు, బ్యాంకు పాస్‌బుక్, రెండు రాళ్ల రాతల నకళ్లు లైబ్రరీలో ఉంటాయి. ప్రతి ఆదివారం ఉదయం 9 నుంచి 12 దాకా కమిటీ సభ్యులిద్దరు అక్కడే కూర్చుంటారు. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూడండి, ఫోటోలు కూడా తీసుకోండి.