బొమ్మ కింద పేరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో బతుకమ్మ పూల మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. కానీ ‘గునుగు’ అని రాసిన చోట వేసిన ఫొటో గునుగుది కాదు, పట్టుకుచ్చుది. రెండూ చుట్టాలే గానీ ఒకటి కావు. పట్టుకుచ్చు కోడిజుట్టులా మడతలు పడి ఉంటుంది, విత్తనం చల్లి పెరట్లో పెంచుకుంటాం. గునుగు ఎవరూ విత్తకుండానే చెలకల్లో, గట్ల మీద మొలుస్తుంది, సన్నగా నిటారుగా నిలబడుతుంది. ఈ సవరణ ఒక్కదానికే అయితే పోస్టుకార్డు చాలు. నేను చెప్పాల్సింది ఇంకొంత ఉంది.

నేను 40 ఏళ్లుగా బోర్డులు రాసే పెయింటర్‌ని. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా బ్యానర్లు వేసే మేస్త్రీ దగ్గర రంగులు కలపడంతో నా పని మొదలైంది. ఫ్లెక్సులు వచ్చాక చేతిపని తగ్గిపోయింది. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయడం మాత్రం మానలేదు. రెండేళ్ల కింద అక్కడే 60 రూపాయలకు ఒక చిన్న పుస్తకం కొన్నాను. ప్యాంటు జేబులో పడుతుంది. పేరు ‘ఫ్లవర్స్’. అమెరికాలో 1950లో, గోల్డెన్ నేచర్ గైడ్ల వరుసలో వచ్చింది. అక్కడి రోడ్ల పక్కన, పొలాల్లో, చెట్ల కింద వాటంతట అవే పూసే పూలను మామూలు మనిషి గుర్తుపట్టడానికి చేసిన పుస్తకం. రంగుల బొమ్మలు 134. మాట రాసినవాళ్లు హెర్బర్ట్ జిమ్, అలెగ్జాండర్ మార్టిన్. జిమ్ పిల్లలకు సైన్సు చెప్పిన టీచరు, ఆ గైడ్ల వరుస మొదలుపెట్టింది ఆయనే. మార్టిన్ అక్కడి ప్రభుత్వ వన్యప్రాణి శాఖలో పనిచేసిన మొక్కల నిపుణుడు. బొమ్మలు వేసింది రుడాల్ఫ్ ఫ్రాయిండ్.

పూలను కుటుంబాల వారీగా కాకుండా రంగుల వారీగా పేర్చడం నాకు తెగ నచ్చింది. శాస్త్రం చదవనివాడికి ముందు కనబడేది రంగే కదా. పసుపు పువ్వు కనిపిస్తే పసుపు పూల పేజీలు తిప్పుకుంటే చాలు. అంతకుముందు ఆ పుస్తకం ఎవరిదో తెలీదు గానీ, కొన్ని పూల పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టి, తేదీలు వేసుకున్నారు. ఇంత దూరం ఎట్లా వచ్చిందో! అందులో చాలా పూలు నేను జన్మలో చూడనివి. అయినా రోజూ ఒక పేజీ చూస్తాను.

ఆ పుస్తకం పేరు పేజీలో రాసినవాళ్ల పేర్లతో పాటు బొమ్మలు వేసినాయన పేరూ ఉంది. అక్కడ నా చూపు ఆగిపోయింది. చాలా ఏళ్ల కింద ఒక పబ్లిషరుకు స్కూలు పిల్లల గైడ్ల కోసం 64 మొక్కల బొమ్మలు వేసిచ్చాను, ఒక్కోటి 40 రూపాయలకు. డబ్బులు ఇచ్చారు, ఎగ్గొట్టలేదు. పుస్తకం అచ్చయ్యాక మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా వెతికాను. ప్రూఫులు దిద్దినవాళ్ల పేరు ఉంది, ప్రెస్సు పేరు ఉంది, నాది లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మన దగ్గర ఇట్లాంటి పుస్తకానికి బొమ్మలు ఎవరు వేశారా అని వెతికితే మా అబ్బాయి కంప్యూటర్లో చూపించాడు. 1780ల్లో సామర్లకోటలో తోట వేయించిన ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులను పెట్టుకుని వందల మొక్కల బొమ్మలు వేయించారు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలతో లండన్‌లో 1795 నుంచి 1820 దాకా ‘ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ మూడు సంపుటాలుగా వెలువడింది. మన మోదుగ అందులో ఉంది, తెలుగు పేరుతో సహా. కొమ్మ, పువ్వు, కింద విడదీసిన రేకులు, కేసరాలు, కాయ. ఆ రేకు వంపు పట్టుకోవాలంటే కొమ్మ ముందు ఎంతసేపు కూర్చోవాలో నాకు తెలుసు. మొక్క పేరు తెలుగులో దొరికింది గానీ, దాన్ని గీసిన మనిషి పేరు మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు.

తర్వాతి కాలంలో మద్రాసు వైపు పనిచేసిన రాబర్ట్ వైట్ అనే ఇంకో డాక్టరు అట్లా చేయలేదు. 1840 నుంచి 1853 వరకు ఆయన అచ్చువేసిన 2,000కు పైగా మొక్కల బొమ్మల్లో రంగయ్య, గోవిందు అనే చిత్రకారుల పేర్లు కనబడతాయి. ఒక ఆర్కిడ్‌కు గోవిందు పేరే పెట్టారు. తర్వాతి శాస్త్రవేత్తలు ఆ మొక్కను వేరే పేరు కింద చేర్చారనుకోండి. అయినా ఆ సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నేనూ వేస్తున్నాను. మౌలాలి గుట్ట కింద, ఉస్మానియా క్యాంపస్ గోడల వెంట, మా గల్లీ చివర ఖాళీ ప్లాటులో కనబడినవి. గునుగుకు నాలుగు రోజులు పట్టింది. కింది పూలు ముందు విచ్చుకుని వెండి కాగితంలా తెల్లబడతాయి, కొస ఇంకా గులాబీ రంగులోనే ఉంటుంది. గులాబీ ఎక్కడ ఆగి తెలుపు ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. ఉత్త తెలుపు పూస్తే సున్నం కొట్టినట్టు ఉంటుంది. తెలుపులో చిటికెడు బూడిదరంగు కలిపి, సన్న కుంచెతో ఒక్కో పొర విడిగా వేస్తేనే ఆ మెరుపు వచ్చింది. ఫొటోలో ఆ రోజు, ఆ ఎండలో ఉన్న ఒక్క పువ్వే పడుతుంది. బొమ్మలో మొగ్గ, పువ్వు, గింజ ఒకేచోట చూపించొచ్చు.

పేర్లు రాబట్టుకోవడం ఇంకా కష్టం. గడ్డిచేమంతినే తీసుకోండి. మా ఊళ్లో అది పలకాకు, బొగ్గుతో కలిపి నూరి పలకకు రుద్దేవాళ్లం. దెబ్బ తగిలితే ఆ ఆకు పసరే మందు. మా కోడలు వాళ్ల ఊళ్లో అది గాయపాకు. తంగేడు, గునుగు అయితే అందరూ చెప్తారు. తుమ్మి, విష్ణుక్రాంతం, ఉమ్మెత్త దాకా కొందరు చెప్తారు. ఆ తర్వాత అడిగితే ‘గడ్డి పువ్వు’ అంటారు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు గునుగు మోపులు తెచ్చే ఆడవాళ్లను అడిగితే చాలా పేర్లు దొరికాయి. అవన్నీ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను.

మీరు ఆదివారం అనుబంధంలో వారానికి ఒక్క పువ్వుకు అరచేయంత చోటు ఇవ్వండి. హైదరాబాద్‌లో వాటంతట అవే పూసే పువ్వు ఒకటి, దానికి మన ఊళ్లలో ఉన్న పేర్లన్నీ, చేత్తో వేసిన బొమ్మ, కింద వేసినవాళ్ల పేరు. బొమ్మలు నావే కానక్కర్లేదు. పని లేక కూర్చున్న మంచి పెయింటర్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలూ ఉన్నారు. మొక్క సరిగ్గా ఉందో లేదో చూసి పెట్టమని యూనివర్సిటీ బోటనీ వాళ్లను అడగండి. రెండేళ్లు నడిస్తే వంద పూలవుతాయి, జేబులో పట్టే పుస్తకం వేయొచ్చు.

ఈ ఉత్తరంతో పాటు గునుగు బొమ్మ పంపుతున్నాను. పోయిన వారం పడిన ఫొటోకు బదులుగా వేసుకోండి, డబ్బులేమీ వద్దు. కుడివైపు కింది మూలన నా పేరు రాశాను. పేజీలో పట్టించడానికి అంచులు తీసేటప్పుడు ఆ మూల మాత్రం కోయకండి.

ఇట్లు,
మీ పాఠకుడు, బోర్డుల పెయింటర్,
కవాడిగూడ, హైదరాబాద్